బాలింత గొర్రె చెవిలోని గోమార్లు

మా ఇంట్లో గోడకు ఆనుకొని కూర్చోవడం నిషేధం. మా నాయనమ్మ పెట్టిన నియమం అది. "వీపు గోడకు ఆనితే కాళ్లు ముందుకు సాగుతయి. కాళ్లు సాగినయంటే ఇగ మనిషి జారినట్టే" అనేది. ఆమె ఆ మాట చెప్పే కాలానికే మాకు ఆనుకోవడానికి గోడలు పెద్దగా మిగల్లేదు. చిలుకూరు వైపు ఉన్న మా గడి, కోటలాంటి దొరల ఇల్లు, కూలిపోయింది. రాళ్లు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు పునాదిలోకి పోయాయి. దూలాలు ఎవరెవరి ఇళ్లకో పోయాయి. భూమి పోగా ఒక చిన్న చెల్క, మెట్ట చేను, మిగిలింది. నియమం మాత్రం చెక్కుచెదరకుండా నా వెన్నులో నిలిచింది.

ఇప్పుడు ఆ వెన్నే నాకు అన్నం పెడుతోంది. రోజంతా బల్ల ముందు నిటారుగా కూర్చొని, కంటికి ఆనని చుక్కలను ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టంలోకి మార్చడం నా పని. పశువులను, గొర్రెలను, కుక్కలను పట్టి రక్తం తాగే గోమార్లు ఉంటాయి కదా, వాటి ఒంట్లో ఏయే వైరసులు దాక్కున్నాయో వెతికి, ఆ వైరసుల జన్యువును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతాం. సూర్యాపేటలో ఒక ఎరువుల దుకాణం పైన కిరాయికి తీసుకున్న రెండు గదులు మా ప్రయోగశాల. పెద్ద మేడం హైదరాబాదు మనిషి, నాకంటే చిన్నది. నేను ఆమెను "మీరు" అంటాను, ఆమె నన్నూ "మీరు" అంటుంది. అక్కడ మా ఇద్దరికీ బాగా కుదిరింది.

జన్యువును చదివే యంత్రం అంటే గది నిండా ఉండే బీరువా లాంటిదేదో అనుకునేదాన్ని. మేడం సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది సెల్‌ఫోను కంటే చిన్నది. ల్యాప్‌టాప్‌కు తీగతో తగిలించింది. "ఇంతేనా?" అన్నాను. "ఇంతే" అంది. ఆ రోజు ఇంటికి కోదాడ బస్సులో వెళ్తూ దారి పొడవునా కిటికీలోంచి కనిపించిన ప్రతి బర్రెనూ, ప్రతి మేకనూ కొత్తగా చూశాను. ఒక్కొక్క దాని చెవిలో ఇంకా ఎవరూ విప్పని పుస్తకం ఉన్నట్టు అనిపించి కూర్చోబుద్ధి కాలేదు.

కిందటేడు వానాకాలం వరి కోతలు అయ్యాక మా గడి ఉన్న ఊళ్లో జ్వరాలు మొదలయ్యాయి. అదే సమయంలో, ఏటా వచ్చినట్టే, చివ్వెంల వైపు నుంచి గొర్రెల కాపరి మొగుడూ పెళ్లామూ మందతో వచ్చారు. కోసిన పొలాల్లో రాత్రిపూట మందను ఆపుతారు. ఎరువు, మూత్రం నేలకు పడతాయి, బదులుగా రైతు గింజలు ఇస్తాడు. ఒక గాడిద, ఒక కుక్క, కొన్ని గిన్నెలు, ముళ్లకంపతో దడి. వాళ్ల కాపురం అంతే.

ఎవరి ఫోనులోకో ఒక వీడియో వచ్చింది. గోమార్ల వల్ల కాంగో జ్వరం వస్తుందని, ముక్కులోంచి రక్తం కారి మనిషి పోతాడని. అది ఊరంతా తిరిగింది. జ్వరం వచ్చిన ఇళ్లు, మంద పెట్టిన పొలాలు, రెండూ కలిపి చూసుకున్నారు. ఆదివారం ఊరి కూటంలో మందను వెళ్లగొట్టే మాట తేల్చేస్తామని కాపరికి చెప్పారు. పక్క ఊళ్లకు కూడా ఫోన్లు పోయాయి.

కాపరి కోదాడలో నా కిరాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"లోపలికి రా" అన్నాను.

"గిట్లనే మంచిగుంది దొరసానీ" అన్నాడు. "ఈ ఊరు ఎల్లగొడితె కాలువ పొంట ఏ ఊరు రానియ్యదు. చూడి గొర్లున్నయి, మొన్న ఈనినయి ఉన్నయి. నడవలేవు. లారీ ఎక్కించుడే ఇగ, కోతకు. నీకు గోమార్ల సంగతి ఎరుకనట గద? నా మంద పాపం చేసిందా లేదా, అదొక్కటి తేల్చి చెప్పు. చేసింది అంటే నేనే అమ్ముకుంట."

ఆ చివరి మాటే నన్ను పట్టింది. మేడంకు ఫోన్ చేశాను. ఆమె రోగులు ఎక్కడున్నారో అడిగింది. తరువాత, "జ్వరం వచ్చినవాళ్ల రక్తం కూడా కావాలి, వాళ్లు ఒప్పుకొని ఇస్తేనే. గొర్రెల మీది గోమార్లు కావాలి, బతికున్నవి. రెండూ ఒకేసారి చదువుదాం. ఆదివారం లోపల అయితది అనుకుంటున్నా" అంది. కోదాడ దవాఖానలో ఉన్నవాళ్లు రక్తం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. వాళ్లకూ తెలుసుకోవాలనే ఉంది. ఇక గోమార్లు మిగిలాయి.

గురువారం పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకొని, మంచు డబ్బా, గొట్టాలు, సన్న పట్టకార్ల లాంటి చిమటాలు పట్టుకొని పొలానికి వెళ్లాను. మందను చూసి ఆగిపోయాను. గొర్రెలు మెరిసిపోతున్నాయి. ఒక్కొక్కదాన్ని కాలువలో కడిగి, దువ్వి, వరసగా నిలబెట్టారు. కాపరి పెళ్లాం పొడుగాటి మనిషి, పెద్ద నవ్వు. ఎదురొచ్చింది.

"సూడు దొరసానీ! పెండ్లిసూపులకు తయారుజేసినట్టు జేసినం. పెద్దోళ్లు సూడొస్తుంటె మురికి జీవాలను నిలబెడతమా? ఒక్క గోమారి దొరికితె నా పేరు మార్చుకుంట."

"గోమార్లు ఏవి మరి?"

కాపరి వినయంగా ఒక నీళ్ల సీసా చేతికిచ్చాడు. అందులో డీజిలు. డీజిల్లో, నానబెట్టిన బొబ్బర్లలా, వందల గోమార్లు.

"గడి బిడ్డవు, నువ్వు గోమార్లు ఏరుడేంది? నీ చేతులు ఖరాబు గావొద్దని మేమే ఏరి పెట్టినం. నిన్న దినమంత అదే పని."

సీసాను వెలుతురుకు పట్టి చూశాను. వైరసు జన్యువు తడి నూలుపోగు లాంటిది. ఎండకు తెగుతుంది, వేడికి తెగుతుంది. డీజిల్లో ఊరగాయ పెట్టిన దాంట్లో ఇక చదవడానికి ఏమీ ఉండదు. ఆ మాట వాళ్లకు చెప్పాను. ఎంత మెల్లగా చెప్పినా అది మెల్లని మాట కాదు.

కాపరి అక్కడే గొంతుక్కూర్చున్నాడు. "అంటే మా సాక్షిని మేమే సంపుకున్నమా?"

"ఊకో, ఏడవకు" అంది పెళ్లాం. "వెతుకుదాం. నేను ఏరంగ మిగల్లేదా ఒక్కటన్న?"

ముగ్గురం వెతికాం. తోకల కింద, గజ్జల్లో, చెవుల మడతల్లో. ఆమె తన పని గురించి గొప్పలు చెప్పుకోవడం ఉత్త మాట కాదని తేలింది. కుక్కకు మాత్రం నిండా ఉన్నాయి. మేడంకు ఫోన్ చేస్తే, "కుక్కది కుక్కదే. వాటి జాతి వేరు. నాకు గొర్రెలవి కావాలి" అంది.

కాపరి నేల చూస్తూ గొణిగాడు. "బాలింతలున్నయి."

"నోర్ముయ్!" అంది పెళ్లాం.

దూరంగా వేరే ముళ్లకంప దడిలో, కొత్తగా ఈనిన గొర్రెలు పిల్లలతో ఉన్నాయి. వాటిని నిన్న ఎవరూ కడగలేదు, ఏరలేదు. ఈనిన గొర్రెను పురుడు దాటేదాకా మంత్రసాని తప్ప ఇంకెవరూ ముట్టకూడదని వాళ్ల కట్టుబాటు. ముడితే పాలు ఎగ్గొడుతుందని, పిల్లను దగ్గరికి రానివ్వదని నమ్మకం. మందలో మంత్రసాని అంటే ఈమే. పిల్లను చేత్తో బయటికి తీసిన మనిషికి మాత్రమే ఆ తల్లి మీద చెయ్యి వేసే అధికారం.

"మంద పోయినంక పాలు ఎవ్వనికే?" అన్నాడు కాపరి.

ఆమె దడి వైపు చూసింది, నా వైపు చూసింది. నా ఇస్త్రీ చీరను కింది నుంచి పైదాకా చూసింది.

"చెవుల లోపలియి నా ఒక్క చేతితోని తియ్యరావు. తల పట్టాలె, నువ్వు చెప్పినట్టు పాణంతోని తియ్యాలె. కష్టం కాన్పయితె ఇంకో మంత్రసానిని సాయం పిలుసుకోవచ్చు. అది ఒప్పుకున్న పనే. అయితవా మంత్రసానివి?"

"ఏయ్! ఎవ్వలతోని ఏం మాట్లాడుతున్నవే?" కాపరి లేచి నిలబడ్డాడు. "ఆమె దొరసాని!"

మా గడిలో మంత్రసాని దొడ్డి దర్వాజా నుంచి వచ్చేది. మా నాన్న ఆమె చేతుల్లోనే పుట్టాడు. ఆమెకు ఇవ్వవలసింది చాటలో పోసి నేల మీద పెట్టేవాళ్లు, ఆమె వంగి తీసుకొని అదే దర్వాజా నుంచి పోయేది. మా వంశాన్ని భూమి మీదికి తెచ్చిన చేతులు అవి. ఇంటి ముందు వాకిలి ఎలా ఉంటుందో వాటికి తెలియదు. ఇదంతా నేను ఆ ఎండలో నిలబడి ఆలోచించానని చెప్పను. ఆలోచించే సమయం లేదు. నా కళ్లు ఆ దడి మీదే ఉన్నాయి, ఆ చెవులలో ఏముందోనని.

"అయిత" అన్నాను. "ఏం జెయ్యాల్నో చెప్పు."

చెప్పులు బయట విడిపించింది. పసుపు నీళ్లతో మోచేతుల దాకా కడిగించింది. ఆపైన నా చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ నేను వేసుకున్నాను. అవి ఆమెకూ వేశాను. "ఇవేసుకుంటె దానికి నా వాసన రాదు గద" అని విసుక్కుంటూనే వేసుకుంది. నేలమీద కూర్చోమంది. కూర్చున్నాను.

"అట్ల కట్టెలెక్క గూసుంటె గొర్రె నిన్ను గుంజ అనుకుంటది. కాళ్లు సాపు."

చాపాను.

"వీపు వంచు. ఇంకా. ఏం దొరసానీ, వీపుల ఇనుపరాడ్డు పెట్టి కన్నరా నిన్ను?"

దడి బయట కాపరి దగ్గాడు, నవ్వు ఆపుకోవడానికి. వీపు వంచాను. గొర్రె తల తెచ్చి నా ఒడిలో పెట్టింది. బరువుగా, వెచ్చగా ఉంది. ఆమె చెవి తిప్పి పట్టుకుంది. లోపలి మడతలో, ఆముదపు గింజల్లా, బూడిదరంగువి, చిన్నవీ పెద్దవీ, గుత్తిగా.

"ఉన్నయి!" అని అరిచాను. పొలం అవతల పక్షులు లేచిపోయాయి.

చర్మానికి ఆనించి చిమటాతో పట్టి, తిప్పకుండా నేరుగా లాగాలి. మొదటిది కాళ్లు ఆడిస్తూ వచ్చింది. గొట్టంలో గడ్డిపోచతో పాటు వేశాను. తరువాతది, ఆ తరువాతది. గొర్రె నా ఇస్త్రీ చీర కొంగు నెమ్మదిగా నములుతోంది.  ఒక చెవి అయ్యాక ఇంకో చెవి, ఒక గొర్రె అయ్యాక ఇంకొకటి. తల్లిని వదిలాక, ఇద్దరం పక్కకు జరిగి చూశాం. పిల్ల తూలుతూ వచ్చి పొదుగును తలతో ఒక్క పోటు పొడిచింది. తల్లి కదల్లేదు.

"తాగుతంది" అంది ఆమె. ఆమెకు అదే పెద్ద ఫలితం.

గొట్టాలకు మూత, దానిపైన డబ్బాకు మూత, దానిపైన మంచు డబ్బాకు మూత వేసి, సూర్యాపేట బస్సు ఎక్కాను. కండక్టరు వంగి చూశాడు. "చాపలా మేడం? కింద నీళ్లు కారొద్దు."

"చేపలు కావు. గోమార్లు."

నా పక్క సీటు, వెనక సీటు ఖాళీ అయ్యాయి. సూర్యాపేట దాకా మా తాత ఎద్దుల కచ్చరం బండిలో పోయినట్టు ఒక్కదాన్నే దర్జాగా పోయాను.

తరువాతి పని చూడటానికి ఏమీ ఉండదు, చేయడానికి చాలా ఉంటుంది. గాజు అర లోపల, వైరసును చంపి పోగును మాత్రం కాపాడే ద్రావణంలో గోమార్లను నూరాం. పోగును వేరుచేశాం. దాన్ని యంత్రం చదవగలిగే గట్టి పోగుగా మార్చాం. రోగుల రక్తంతోనూ అంతే. శనివారం పొద్దున మేడం ఒక్కొక్క చుక్కా యంత్రంలోకి వదిలింది. తెర మీద చిన్న చిన్న గళ్లు ఒక్కొక్కటే ఆకుపచ్చగా వెలిగాయి. ఒక్కో గడి ఒక్కో రంధ్రం, ఒక్కో రంధ్రంలోంచి ఒక్కో పోగు దూరిపోతూ తన అక్షరాలు చెప్పుకుంటోంది. 

మొదట వచ్చింది అంతా గొర్రె. తరువాత గోమారి. "ఇవి ఉంటాయి, వదిలేయండి" అంది మేడం. టీ తెచ్చుకున్నాం, తాగలేదు. అప్పుడు తెర మీద ఒక కొత్త వరస పడింది. వైరసు. దాని కుటుంబం పేరు పక్కనే వచ్చింది: నైరో.

మేడం కుర్చీ వెనక్కు జరిగింది. కాంగో జ్వరం వైరసు కూడా ఆ కుటుంబానిదే.

ఆ ఒక్క మాట ఊరికి చేరితే చాలు, లారీ వస్తుంది. చూడి గొర్రెలు, నా కొంగు నమిలిన ఆ తల్లి, దాని పిల్ల. మేడం ఇంకా వరసలు రావడం చూస్తోంది. నాకు మాత్రం భయంతో పాటు ఇంకొకటి లేచింది. నేను ఏడు తరాలు ఒప్పజెప్పే ఇంట్లో పెరిగినదాన్ని. ఒకే ఇంటిపేరు కింద ఎన్ని కొమ్మలు ఉంటాయో, ఒక కొమ్మకు ఇంకో కొమ్మ ముఖం కూడా తెలియకుండా ఎలా బతుకుతాయో నాకు చెప్పనక్కర్లేదు.

"ఇంటిపేరు చాలదు మేడం. ఏ కొమ్మ?"

"అదే చూస్తున్నా. మొత్తం రానివ్వండి."

ఈ కుటుంబం వైరసుల జన్యువు మూడు ముక్కలుగా ఉంటుంది. మూడూ నిండేదాకా ఆగాం. మధ్యలో కరెంటు పోయింది, ఇన్వర్టరు కీచుమంది, యంత్రం ఆగలేదు. మధ్యాహ్నం దాటాక మూడు ముక్కలను తెలిసిన వైరసులన్నిటి పక్కన పెట్టి, మేడం వంశవృక్షం గీయించింది. గీత మీద గీత వచ్చింది. కాంగో జ్వరం ఒక మూల ఉంది. మాది ఇంకో మూల, దూరంగా, ఇప్పటిదాకా గోమార్లలో తప్ప ఎక్కడా కనిపించని వాటి మధ్య ఒంటరి కొమ్మ మీద ఉంది. ఆ మూడు ముక్కలను అంతకుముందు ఎవరూ చదివినట్టు లేదు. మేడం మళ్లీ వెతికింది. ఎక్కడా లేదు. ప్రపంచంలో దాన్ని చదివినవాళ్లం మేమిద్దరమే.

నేను లేచి ఎగిరాను. మేడం కూడా ఎగిరింది. కింద నుంచి ఎరువుల దుకాణం సేటు కేకేశాడు. "అమ్మా! పైన ఏం దుంకుతున్నరు? సున్నం రాలి యూరియ బస్తాల మీద పడుతంది!"

రోగుల రక్తం ఫలితం కూడా వచ్చింది. డెంగీ. అందరిలోనూ దాదాపు ఒకే అక్షరాలు. అంటే ఊళ్లోని దోమలే ఒకరి నుంచి ఇంకొకరికి మోశాయి. కాంగో వైరసు గానీ, మా కొత్త వైరసు గానీ ఎవరి రక్తంలోనూ లేవు.

"కొత్తదానికి పేరు పెట్టాలి" అంది మేడం. "దొరికిన చోటు పేరు పెట్టడం అలవాటు. మీ ఊరు పేరు పెడదామా? లేక మీ గడి పేరా?"

"ఊరి పేరు వద్దు, రేపు ఇంకెవరో ఆ ఊరిని వెలివేస్తారు. మా పేరు అసలే వద్దు. ఆ పేరు కింద నలిగినవాళ్లు చాలామందే ఉన్నారు."

ఆమె నవ్వి ఒక అంకె పెట్టింది. తరువాత గంభీరంగా చెప్పింది. "గోమార్లు మంచివని చెప్పకండి. ఈ గోమార్లలో కాంగో వైరసు దొరకలేదు, ఊళ్లో జ్వరం డెంగీ. ఇంతే చెప్పండి. వట్టి చేతితో ఏరొద్దని కూడా చెప్పండి."

ఆదివారం బడి వరండాలో జనం కూర్చున్నారు. కాపరి, పెళ్లాం మెట్ల కింద నిలబడ్డారు. నేను వంశవృక్షం కాగితం పట్టుకొని లేచేసరికి, తువ్వాలు భుజాన వేసుకున్న ఒక ముసలాయన గొంతు సవరించాడు.

"మీ తాత చెప్తె ఊరంత ఊఁ కొట్టింది. కొట్టకపోతె బతకనియ్యలే. ఇప్పుడు నువ్వు చెప్తె ఎందుకు ఇనాలె బిడ్డా?"

"ఇనకు" అన్నాను. "ఈ కాగితం సూడు. తప్పుంటె అడుగు."

అంతా చెప్పాను. వైరసు దొరికిందని, అది కాంగో జ్వరం కుటుంబానిదేనని కూడా దాచకుండా చెప్పాను.

"సూసిన్రా! ఆమెనే ఒప్పుకుంటంది!" అని వెనక నుంచి ఎవరో లేచారు. గోల పెరిగింది. కాపరి తల వంచుకున్నాడు. నేను కొమ్మల గురించి చెబుతూనే ఉన్నాను, ఎవరూ వినడం లేదు.

ముసలాయన కాగితాన్ని చేతిలోకి తీసుకొని, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు. వేలితో ఒక మూల నుంచి ఇంకో మూలకు గీత పట్టుకొని పోయాడు.

"అరేయ్, ఆగున్రి" అన్నాడు. "నా ఇంటిపేరోడే ఒగడు హాలియ ఊర్ల మోటర్లు ఎత్కపోయి దొరికిండు. పోలీసోళ్లు నన్ను తీస్కపోయిన్రా?"

"నిన్ను తీస్కపోతె స్టేషన్ల అన్నం ఖతమైతది తాతా!" అని ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్యే ఒక ఆమె అడిగింది, "మరి దోమలంటున్నవు గద, మా గోళెంల తోక ఊపుకుంట తిరిగే పురుగులు దోమలేనా?" అందరూ లేచి ఆమె ఇంటికి పోయారు. పశువులు నీళ్లు తాగే సిమెంటు గోళెంలో, ఎండ పడినచోట, నీళ్లు పురుగులతో కదులుతున్నాయి. పక్కింట్లో చూశారు. ముసలాయన ఇంట్లోనూ చూశారు. ఆయనే ముందు గోళెం వంచాడు.

"మంద ఉండనియ్యున్రి" అన్నాడు, నీళ్లు పారుతుంటే. "ఈ రాత్రికి నా మళ్లల్ల పెట్టు."

కాపరి నా వైపు చూశాడు. "మొదటి మంద గడోళ్ల చెల్కల పెట్టుడు ఆనవాయితీ..."

ఆనవాయితీ నాకు తెలుసు. ఆ రోజుల్లో దానికి గింజలు కూడా ఇచ్చేవాళ్లు కాదు.

"ఇగ వరసనే" అన్నాను. "నా వరస వచ్చినప్పుడు నా చెల్క. గింజలు అందరు కొలిచినట్టే కొలుస్త."

పురుడు దాటాక, ఆ తల్లులు ఎలా ఉన్నాయో చూడటానికి వెళ్లాను. పిల్లలు దడి దూకుతున్నాయి. కాపరి పెళ్లాం గుడారంలోంచి చాటతో వచ్చింది. అందులో బియ్యం, పసుపుకొమ్ములు, వక్కలు, మీద ఒక రవికె గుడ్డ.

"ఏంటిది?"

"మంత్రసాని కట్నం. తీస్కోకపోతె పిల్లలకు మంచిది కాదు."

ఇచ్చేటప్పుడు చెయ్యి పైన ఉండాలని మా ఇంట్లో నేర్పారు. తీసుకునేటప్పుడు ఎలా ఉండాలో ఎవరూ నేర్పలేదు. ఆమె చాట నేల మీద పెట్టలేదు, ఎత్తి పట్టుకొని నిలబడింది. నేను కొంగు పట్టాను. అది గొర్రె నమిలిన కొంగే, అంచు చిరిగి ఉంది.

"ఇంకొంచెం వంగు, కింద పోతయి" అంది.

వంగాను. బియ్యం బరువుగా జారి పడ్డాయి. మూట కట్టుకుంటూ ఉండగా ఆమె తన ఫోను నా చేతిలో పెట్టింది, నా నంబరు కొట్టమని. కొట్టిచ్చాను. ఆ చూడి గొర్రెలు ఎప్పుడు ఈనుతాయని అడిగాను. ఒకటి ఈ వారమేనంది.

ఆ సాయంత్రం సూర్యాపేటకు ఫోన్ చేసి, ఇంకో బాలింత చెవి చూడబోతున్నానని, గొట్టాలు సిద్ధం చేయమని మేడంకు చెప్పాను.